పాత జీపు: కొనుటయు, కాచుకొనుటయు

నేను సికిందరాబాదు రైలుస్టేషనునకు చేరువనున్న బోయిగూడలో నివసించువాడను. బోయీలనగా పల్లకీ మోయువారు. వాహనమును భుజములపై మోసిన మనుష్యుల జ్ఞాపకము మా పేట పేరులో నేటికిని నిలిచియున్నది. ఇప్పుడు మా వీధులలో పల్లకులు లేవు. కలప అడితులును, పాత యినుము గోదాములును, వానికై వచ్చిపోవు లారీలును గలవు. ముప్పదియైదు సంవత్సరములు బాలురకు తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులు జీపును గురించి ప్రసంగింప వచ్చెనేమని మీకు విస్మయము కలుగవచ్చును. వ్యాకరణము చదివినవానికి ఇంజనుతో నేమి పనియని నేనును మొన్నటివరకు తలచినవాడనే. మా యింట జరిగిన యొక సంగతి నా తలపును మార్చినది. మొదట దానిని చెప్పి, పిమ్మట దానివలన నేను నేర్చుకొన్నది మనవి చేసెదను.

మా అక్కగారి కుమారునకు వికారాబాదు చేరువ, అనంతగిరి కొండల దిగువను, చిన్న మామిడితోట గలదు. తోటకు పోవు బాట వానకాలమున మోకాలిలోతు బురద. మామూలు కారు అక్కడికి పోజాలదు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు బండి కావలయును. క్రొత్తది కొను శక్తి లేదు. ఒక మధ్యవర్తి పాత జీపు నొకదానిని చూపెను. సాటి బండ్లు నాలుగు లక్షలు పలుకుచుండగా, అది రెండున్నర లక్షలకే వచ్చుచున్నది. మావాడు ఏబదివేల రూపాయలు బయానా యిచ్చి, రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిదప బండిని మా వాకిటికి తెచ్చి, “చూడండి మామయ్యా, ఎంత చౌకగా దొరికినదో!” అని మురిసిపోయెను. నేనును “అదృష్టవంతుడవురా” అంటిని. దాచుకొననేల? ఆ మాట నా నోటినుండి వచ్చినదే.

మరునాడు రాణీగంజిలో ఎరుగుదుమన్న మెకానిక్కు వద్దకు బండిని తీసికొనిపోతిమి. అందరును ఆయనను ఉస్తాద్ అందురు. ఆయన ఇంజను మూతయైనను ఎత్తకమునుపే పలుచని కాగితమును, పెన్సిలును అడిగెను. చాసీ, అనగా బండికి వెన్నెముకవంటి యినుపచట్రము, దానిపై ముద్రించిన సంఖ్యను గుడ్డతో తుడిచి, కాగితమును దానిపై నదిమి పెన్సిలుతో రుద్దెను. నల్లని నేలపై తెల్లని యంకెలు తేలినవి. ఆ కాగితమును నా చేతికిచ్చి, “సార్, మీరు పిల్లల కాగితాలు దిద్దినవారు కదా, ఇది చూడండి” అనెను.

చూచితిని. ఆ సంఖ్యలో మూడు అనునంకె రెండుమారులు వచ్చినది. ఆ రెండు మూళ్లును ఒక పోలిక కావు. ఒకటి నిలువుగా నున్నది, ఒకటి ప్రక్కకు వాలినది. అక్షరముల అడుగుగీత తిన్నగా లేదు. చుట్టునున్న లోహము ఆకురాయితో నరుగదీసినట్లు పల్లముగా నున్నది. మార్కుల పట్టికలో తప్పిన మార్కును బ్లేడుతో గీకి, తిరిగి వ్రాసికొని వచ్చు పిల్లలను నేను ఎందరినో చూచితిని. గీకినచోట కాగితము పలుచబడును. ఎంత నేర్పుగా వ్రాసినను వెలుతురున కెత్తి చూచిన తెలియును. ఇనుమును కాగితమువంటిదే యని నాకు ఆనాడు తెలిసినది.

ఆ బండి ఏమైనదో చివర చెప్పెదను. అంతకుముందు, జీపు కొనదలచిన మీలో ప్రతివారికిని పనికివచ్చు విషయము కొంత గలదు.

జీపు అనునది యుద్ధమున బుట్టిన బండి. 1941 మొదలుకొని అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు మించి చేసినవి. మన దేశమున 1947లో మహీంద్రావారు బొంబాయిలో విల్లీసు జీపును విడిభాగములనుండి కూర్చుట ప్రారంభించిరి. 1985లో మారుతీవారి జిప్సీ వచ్చినది. సైన్యమునకై జబల్‌పూరులో జోంగా అను బండి తయారైనది. జిప్సీ 2019 ప్రాంతమున విపణినుండి తొలగినది. జోంగా అంతకుముందే ఆగిపోయినది. మహీంద్రావారి థార్ 2010లో వచ్చి, 2020లో క్రొత్తరూపు దాల్చినది. చేయుట మానిన బండ్లపై మక్కువ తగ్గకపోవుటచేత, కొండబాటలలో తిరుగగోరు యువకులును, తోటలుగలవారును, పాతవానికై వెదకుచునే యున్నారు. వెదకువారు ఎక్కువ, బండ్లు తక్కువ. దొంగకు ఇంతకన్న అనుకూలమైన సంత యేమి కావలయును?

ఇక మన ధర్మశాస్త్రములలో దీనికి సంబంధించిన యొక ప్రకరణము గలదు. మనువు వ్యవహారములను పదునెనిమిదిగా విభజించెను. వానిలో మూడవది అస్వామివిక్రయము. స్వామి కానివాడు, అనగా సొంతదారు కానివాడు, అమ్ముట. యాజ్ఞవల్క్యుడును దీనిని విచారించినాడు. ఆ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన మహాకవి విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. యాజ్ఞవల్క్యుని తాత్పర్యమిది. ఇతరుడు అమ్మిన తన వస్తువును సొంతదారు తిరిగి పొందవచ్చును. కొన్నవాడు నలుగురెరుగ కొనక చాటున కొన్నచో దోషము వానిదే. అట్టి వస్తువు కలిగియుండుటకు తగనివానినుండి, ఏకాంతమున, తక్కువ వెలకు, వేళకాని వేళ కొన్నవాడు దొంగతో సమానుడు.

శ్రోతలారా, ఈ గురుతులను మా వాకిట నిలిచిన జీపుపై నుంచి చూడుడు. అమ్మినవాడు సొంతదారు కాడు, మధ్యవర్తి. బేరము జరిగినది నలుగురి నడుమ కాదు. వెల సగము కన్న కొంచెము హెచ్చు. వేళ రాత్రి తొమ్మిది దాటినది. నాలుగును కుదిరినవి. ఈ శ్లోకమును నేను యౌవనమున కంఠస్థము చేసినవాడను. అయినను “అదృష్టవంతుడవురా” అంటిని. చదువు నాలుకపై నుండి, చౌక కంటి యెదుటికి వచ్చినపుడు, గెలుచునది చౌకయే.

నేటి శాసనమును ఇదే మాట చెప్పుచున్నది. 1930 నాటి సరకుల విక్రయపు చట్టము 27వ సెక్షను ప్రకారము, సామాన్యముగా అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి రాదు. మీరు పూర్తి వెల చెల్లించినను, రసీదు పుచ్చుకొన్నను, బండి మీది కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 317వ సెక్షను ప్రకారము, దొంగసొత్తని తెలిసికాని, అట్లు నమ్ముటకు కారణముండికాని, దురుద్దేశముతో పుచ్చుకొన్నవానికి మూడేండ్లవరకు కారాగారము విధింపవచ్చును. “నమ్ముటకు కారణముండి” యను మాటను గమనింపుడు. ఆ కారణములనే యాజ్ఞవల్క్యుడు ఆనాడు లెక్కించెను.

కావున మొదటి పరీక్ష బండికి కాదు, స్వామ్యమునకు. అది యెట్లు చేయవలయునో చెప్పెదను.

బండి రిజిస్ట్రేషను పత్రముపై నున్న పేరుగల మనుష్యుని కన్నులార చూడుడు. ఆయన యింటికి పోయి, పగటివేళ, ఇరుగుపొరుగు చూచుచుండగా మాటలాడుడు. “ఆయన విదేశమున నున్నాడు, సంతకము చేసిన కాగితములు నావద్ద నున్నవి” అని మధ్యవర్తి చెప్పినచో, నమస్కరించి వెనుకకు రండు.

పిమ్మట చాసీ సంఖ్యను, ఇంజను సంఖ్యను పత్రముతో పోల్చుడు. ఈ కాలపు బండ్లలో చాసీ సంఖ్యకు పదునేడు స్థానములు. ఇంగ్లీషు అక్షరములలో ఐ, ఓ, క్యూ అను మూడింటిని అందు వాడరు, ఒకటితోను సున్నతోను పొరపడుదురని. అట్టి యక్షరము కనబడినచో ఆ సంఖ్య ఫ్యాక్టరీది కాదు. చాల పాత జీపులకు సంఖ్య చిన్నది. అయినను ఒకే యంకె రెండుచోట్ల వచ్చినపుడు రెండును ఒకే అచ్చున పోసినట్లుండవలయును. ఉస్తాద్ చేసినట్లు పెన్సిలు అచ్చు తీయుడు. ఖర్చు ఒక కాగితపు ముక్క.

ఇక్కడ ఒక దొంగవిద్యను మీరు తెలిసికొనవలయును. ప్రమాదమున తుక్కుతుక్కైన బండిని ఒకడు యినుము ధరకు కొనును. వానికి కావలసినది యినుము కాదు, దాని పత్రము. పిమ్మట అదే జాతి బండి నొకదానిని దొంగిలించి, దాని సంఖ్యను అరుగదీసి, చచ్చిన బండి సంఖ్యను దానిపై కొట్టును. కాగితము నిజమైనదే, సర్కారు పుస్తకమున నున్నదే. బండి మాత్రము వేరొకరిది. కాబట్టి పత్రము సరిగానున్నదని తృప్తిపడరాదు. పత్రమునకును లోహమునకును గల పొత్తును చూడవలయును. బండికి ఇదివరకు బీమా కంపెనీ పూర్తినష్టపు పరిహార మిచ్చినదా యని బీమాపత్రము చూపి ఆ కంపెనీని విచారింపుడు.

దొంగిలింపబడిన వాహనముల వివరములను పోలీసులు జాతీయ నేర గణాంక సంస్థవారి వాహన సమన్వయమను ఏర్పాటునకు పంపుదురు. బండి సంఖ్యలతో అందు మీరును విచారించుకొనవచ్చును. పత్రముపై ఏ బ్యాంకు అప్పైన నున్నచో, అప్పు తీరినట్లు బ్యాంకువారి చీటియు, ముప్పదియైదవ నంబరు ఫారమును లేనిదే పైకము చెల్లింపరాదు. పొరుగు రాష్ట్రపు బండియైనచో అక్కడి అధికారి నిరభ్యంతర పత్రము, అనగా ఇరువదియెనిమిదవ ఫారము, కావలయును. ఇక్కడ కట్టవలసిన జీవితపన్నును లెక్కలో చేర్చుకొనుడు. సైన్యము వేలము వేసిన జిప్సీ, జోంగాల విషయమున, వేలమున కొన్నట్లు ఇచ్చిన పత్రమును, దానినుండి మీ చేతికి వచ్చువరకు గల ప్రతి విక్రయపు కాగితమును చూడుడు. గొలుసులో ఒక్క లంకె తెగినను అది గొలుసు కాదు.

సొంత బండ్లకు రిజిస్ట్రేషను పదునైదేండ్లవరకే చెల్లును. తరువాత అయిదేసి యేండ్లకు తిరిగి చేయించుకొనవలయును. పాత జీపులకు ఆ గడువు తరచు ముగిసియుండును. ఇదియు వెలలో భాగమే.

స్వామ్యము తేలిన పిదప బండి యారోగ్యమును చూచుట. నేను ఉస్తాద్ వద్ద విన్నంతవరకు చెప్పెదను. బండిని ఉదయమున, ఇంజను చల్లగా నున్నపుడే చూడవలయును. అమ్మువాడు ముందుగా వెచ్చజేసి యుంచినచో ఏదో దాచుచున్నాడు. నీలిపొగ వచ్చిన ఇంజనులో ఆయిలు మండుచున్నది. వెచ్చబడిన పిదపను తెల్లపొగ ఆగనిచో నీరు లోనికి పోవుచుండవచ్చును. గేరుపెట్టె ఆయిలు మజ్జిగవలె తెల్లబడియున్నచో, ఆ బండి వాగులో మునిగి లేచినది. బండి క్రిందికి దూరి, చాసీకి స్టీరింగు బిగించినచోటను, కమానులు తగిలించినచోటను, బీటలును అతుకులును గలవేమో చూడుడు. కొండలలో గుంతలలో తిరిగిన బండికి మొదట అలయునవి ఆ స్థానములే. నాలుగు చక్రముల గేరును మట్టినేలపై వేసి చూడుడు, తారురోడ్డుపై కాదు. గట్టినేలపై మలుపు తిరుగునపుడు ముందు వెనుక చక్రములు వేర్వేరు దూరములు తిరుగవలసియుండి, తిరుగ వీలులేక యంత్రము ఒత్తిడికి లోనగును. ఈ సంగతి తెలియక క్రొత్తవారు మంచి బండిని చెరచుకొందురు.

పెద్ద చక్రములు, ఎత్తిన కమానులు, మార్చిన ఇంజను, ఇట్టి యలంకారములు గల బండిని చూచి మురియకుడు. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషనులో నున్నదానికి భిన్నముగా బండిని మార్చుటను నిషేధించినది. 2019లో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. ఆ మార్పుల తంటా కొన్న మీదే యగును.

కొన్నారు. బండి ఇంటికి వచ్చినది. ఇప్పుడు అందరును చేయు తప్పిదము, పేరు మార్పును వాయిదా వేయుట. ఒకే రాష్ట్రమున నైనచో అమ్మినవాడు పదునాలుగు దినములలోపలను, కొన్నవాడు ముప్పది దినములలోపలను అధికారికి తెలుపవలయునని చట్టము. ఇరువదితొమ్మిది, ముప్పది నంబరుల ఫారములు ఇందులకే. 2018లో సుప్రీంకోర్టు ఒక ప్రమాదపు దావాలో, బండి చేతులు మారినను, పుస్తకమున పేరున్నవాడే పరిహారమునకు బాధ్యుడని తీర్పు చెప్పినది. కావున అమ్మినవారికిని ఇది యవసరమే.

బీమా విషయమున మరియొక సూక్ష్మము గలదు. బండి చేతులు మారినపుడు, ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించిన బీమా తనంతట క్రొత్తవానికి సంక్రమించును. కాని బండియే దొంగిలింపబడినచో వచ్చు పరిహారము అట్లు సంక్రమింపదు. సుప్రీంకోర్టు ఈ భేదమును నిరూపించినది. కొన్న పదునాలుగు దినములలో బీమా కంపెనీకి వ్రాసి, మీ పేర మార్పించుకొననిచో, పూర్తి బీమా కట్టిన బండి పోయినను మీకు పైసా రాకపోవచ్చును. ఎందరో బండిపై పేరు మార్పింతురు, బీమాపై మరతురు.

ఇక కాపాడుకొనుట. జీపును దొంగిలించుట తక్కిన బండ్లకన్న సులభము. కప్పు గుడ్డది, తలుపులు ఊడదీయదగినవి. యుద్ధకాలపు జీపులలో పెక్కింటికి తాళపుచెవియే లేదు. మీట త్రిప్పిన బండి కదలును. ఎవరైన నెక్కి యుద్ధమునకు పోవలయునని చేసిన బండి అది. మరి సైనికులు దానిని ఎట్లు కాచుకొనిరి? పెట్రోలు ఇంజనులో డిస్ట్రిబ్యూటరను భాగముండును. దానిలో రోటరని బొటనవ్రేలంత తునక యొకటి తిరుగుచు, నిప్పురవ్వను ఒక్కొక్క సిలిండరునకు పంచును. దానిని తీసి జేబులో వేసికొన్నచో బండి కదలదు. 1940లో ఇంగ్లండులో, శత్రుసైనికులు విమానములనుండి దిగుదురను భయముచే, నిలిపియుంచిన బండ్లను ఇట్టి యుపాయముతో కదలకుండ చేయవలయునని ప్రభుత్వము శాసించెను. డిస్ట్రిబ్యూటరు గల పాత పెట్రోలు జీపునకు ఈ యుపాయము నేటికిని చెల్లును. ఖర్చు లేదు.

డీజిలు జీపు సంగతి వేరు. బ్యాటరీ తీగకు రహస్యమైన మీట పెట్టించుకొని నిశ్చింతగా నుండువారు గలరు. పాత డీజిలు ఇంజనునకు నిప్పురవ్వతో పని లేదు. ఇద్దరు మనుష్యులు పల్లమునకు తోసి గేరులో వేసినచో బ్యాటరీ లేకయే ఇంజను మేల్కొనును. అందుచేత డీజిలు వచ్చు గొట్టమునకు, కంటబడనిచోట, మూసివేయు తిరుగుడు మీటను పెట్టించుకొనుట మేలు. దొంగ తోసినను నాలుగడుగులు పోయి ఆగును. ఆగిన బండిని నడివీధిలో తోయుచుండుటకు దొంగకు ధైర్యము చాలదు.

క్రొత్త థార్ మొదలైనవానికి ఇమ్మొబిలైజరు గలదు. తాళపుచెవిలోని సంకేతము సరిపడనిదే ఇంజను కదలదు. కాని దొంగలును చదువుకొనినవారే. బండిలో మరమ్మతు పరికరము తగిలించుచోటుగుండ క్రొత్త తాళపుచెవిని నేర్పుదురు. తాళపుచెవి నుపయోగింపక బొత్తాము నొక్కి నడుపు బండ్లలో, ఇంటిలోనున్న తాళపుచెవి సంకేతమును బయటనుండి పట్టి బండికి చేరవేయుదురు. దీనికి విరుగుడు, ఆ చెవిని లోహపు డబ్బీలో నుంచుట. మరియు గేరునకో, స్టీరింగునకో, కంటికి కనబడు లావైన ఇనుపతాళము వేయుట. దాచినది ఒకటి, కనబడునది ఒకటి, రెండును ఉండవలయును. కనబడునది దొంగను ప్రక్కబండికి పంపును, దాచినది మొండివానిని ఆపును. ఆకాశమునుండి బండి యునికిని తెలుపు జీపీయెస్ యంత్రమును మంచిదే. కాని దానిని ముందుపలకక్రింద అందరెరిగినచోట పెట్టకుడు. వెనుక వ్రేలాడు అదనపుచక్రమునకు తాళముగల నట్టు బిగింపుడు. జీపులలో బండికన్న ముందు పోవునది అదియే.

ఇంకొక మాట. చాసీపై మీరెరిగినచోట, తలుపుల లోపల, సీటుక్రింద, చిన్న మేకుతో మీ గురుతు నొకదానిని చెక్కుడు. దాని ఫోటో తీసి భద్రపరచుడు. దొంగ సంఖ్యను మార్చును గాని, తానెరుగని గురుతును మార్చలేడు.

ఇన్ని చేసినను బండి పోయినచో వెంటనే పోలీసులకు తెలుపుడు. ఏ స్టేషనువారైనను ఫిర్యాదు తీసికొనవలయునని క్రొత్త చట్టము చెప్పుచున్నది. బీమా కంపెనీకిని ఆనాడే తెలుపుడు. పోలీసులకు వెంటనే తెలిపియుండి, కంపెనీకి తెలుపుటలో ఆలస్యమైనంతమాత్రమున పరిహారము నిరాకరింపరాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. అయినను ఆ వివాదమునకు తావీయనేల? కంపెనీవారు రెండు తాళపుచెవులను అడుగుదురు. కాబట్టి పాతబండి కొనునపుడే రెండవ చెవిని అడిగి పుచ్చుకొనుడు. “ఒకటి పోయినది” యన్నచో, పోయినది ఎవరి జేబులోనికి పోయినదో యని తాళమునే మార్పించుడు.

ఇప్పుడు మా బండి కథను ముగించెదను. ఆ పెన్సిలు కాగితమును చూచిన పిదప మావాడు చాలసేపు మాటలాడలేదు. “బయానా పోనిండు మామయ్యా, బండిని వానికి తిరిగి యిచ్చివేసి ఊరకుందము” అనెను. నాకును ఆ మార్గమే సుఖముగా తోచినది. ఉస్తాద్ మాత్రము, “ఇచ్చేస్తే ఇంకొకరికి అమ్ముతాడు సార్” అని, అంతమాత్రమే అనెను. మేము బండితోనే పోలీసు స్టేషనుకు పోతిమి.

ఇనుముపై అంకె కొట్టినపుడు, కంటికి కనబడు గుంతయే గాక, దాని క్రిందనున్న లోహమును నొక్కబడి మారును. పైభాగమును అరుగదీసినను ఆ లోతున గాయము మిగిలియుండును. దానిపై తగిన ఆమ్లమును పూసినచో, నొక్కబడినచోట లోహము వేరు విధముగా కరగి, చెరిపిన యంకెలు మెల్లమెల్లగా లేచివచ్చును. మా జీపునకు ఈ పరీక్ష జరిగినది. తేలిన సంఖ్య పాడేరు కొండలలోని యొకనిది. ఆయన ఆ జీపులో సంతలకు జనులను చేరవేసి కుటుంబమును పోషించువాడు. బండి పోయి పదునాలుగు నెలలైనది. ఆ పదునాలుగు నెలలు ఆయన ఇతరుల బండికి కూలి డ్రైవరుగా నుండెనట.

ఆయన బండిని తీసికొనుటకు వచ్చిననాడు మా యింట భోజనము చేసెను. బండి నెక్కుటకుముందు సీటుక్రింద చేయిపెట్టి దేనినో తడవి చూచి నవ్వెను. ఏమని యడిగితిని. తన కూతురు పుట్టిననాడు అక్కడ మేకుతో ఒక నక్షత్రమును చెక్కెనట. దొంగలకు అది తెలియలేదు. మాకును తెలియలేదు. గురుతు చెక్కుకొనుడని ఇంతకుముందు మీకు చెప్పినది ఆయనవద్ద నేర్చిన పాఠమే.

మావాని బయానాలో సగము తిరిగి వచ్చినది, సగము రాలేదు. మరుసటి వేసవిలో వాడు మరియొక జీపును, సొంతదారు నింట, పగటివేళ, తగిన వెలకే కొన్నాడు. ఈమారు నేను “అదృష్టవంతుడవురా” అనలేదు. “కాగితమును పెన్సిలును తెచ్చితివా?” యని యడిగితిని.

శ్రోతలారా, కొనుటయు కాచుకొనుటయు రెండు పనులని మనమనుకొందుము. నాకు తోచినంతవరకు అవి యొక్కటియే. దొంగ తాను ఎక్కి తిరుగుటకై బండిని దొంగిలింపడు, మనవంటివారి కమ్ముటకు దొంగిలించును. చౌకయని కనులు మూసికొని కొనువాడు లేనినాడు, మన వాకిట నిలిచిన బండియు భద్రముగా నుండును. కావున ఇతరుని బండిని కొననివాడు తన బండికి మొదటి తాళము వేసినవాడే.